మోర్స్ నవలలు: ఈయన ఎప్పుడూ తప్పే చెప్తాడేంటండీ?

పాతపుస్తకాలపిచ్చి (శనివారం, రాత్రి 10:12)

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టాయన తాడుతో కట్టిన ఆరు నవలల కట్ట 300 అన్నాడు. బేరమాడి 240కి తెచ్చుకున్నాను. అన్నీ కోలిన్ డెక్స్‌టర్ రాసిన ఇన్‌స్పెక్టర్ మోర్స్ కథలే. మూడు అయ్యాయి: లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్ (1975), లాస్ట్ సీన్ వేరింగ్ (1976), ద సైలెంట్ వరల్డ్ ఆఫ్ నికొలస్ క్విన్ (1977).

నా గోడు వినండి. రెండో నవలలో ఒక స్కూలు పిల్ల తప్పిపోయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు తల్లిదండ్రులకి ఉత్తరం వచ్చింది, నేను బాగానే ఉన్నానని. మామూలు పోలీసైతే ఏం చేస్తాడు? ఉత్తరం ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కుంటాడు. ఈ మహానుభావుడు మాత్రం ఫైలు చేతికి రాగానే "ఆ పిల్ల చచ్చిపోయింది" అని తీర్మానించేశాడు. అక్కణ్ణుంచి ప్రతి యాభై పేజీలకీ ఒక కొత్త సిద్ధాంతం. ఒకటి కూలితే బీరు తాగి ఇంకోటి. డిటెక్టివ్ యుగంధర్ మీద నమ్మకంతో పెరిగినవాణ్ణి నేను. హీరో ఇన్నిసార్లు బోర్లా పడితే ఎలా జీర్ణించుకోవాలి? మా వీధి చివర చిలకజోస్యం నయం, కనీసం ఒకే మాట మీద ఉంటుంది.

మిగతా మూడూ చదవాలా, అటక మీద పెట్టాలా? ఈ విశయం తెలిసినవాళ్లు చెప్పండి.

అచ్చుతప్పు (రాత్రి 10:20)

విషయం. మూర్ధన్య ష.

పాతపుస్తకాలపిచ్చి (రాత్రి 10:21)

పోస్టు అంతా చదివి ఇదా దొరికింది మీకు!

అచ్చుతప్పు (రాత్రి 10:24)

మోర్స్ అయినా ఇదే చేసేవాడు. ఆయన కింద పనిచేసే సార్జెంట్ లూయిస్ రిపోర్టు రాసిస్తే, అందులో నేరస్థుడు దొరికినా సరే, ముందు స్పెల్లింగే దిద్దుతాడు. నేను ఆయన అభిమానిని. మిగతా మూడూ చదవండి.

జాగ్వార్‌బాబు (రాత్రి 11:05)

బ్రో, పుస్తకాలు పక్కన పెట్టి సీరియల్ చూడు. బ్రిటన్ టీవీ ఛానల్ ఐటీవీలో 1987 జనవరిలో మొదలై 2000 దాకా వచ్చింది, మొత్తం 33 ఎపిసోడ్లు, ఒక్కోటి సినిమా అంత. జాన్ థా మోర్స్‌గా, కెవిన్ వేట్లీ లూయిస్‌గా. ఎర్ర జాగ్వార్ మార్క్ 2 వస్తుంటే చూడాలి అసలు. బారింగ్టన్ ఫెలూంగ్ ఇచ్చిన టైటిల్ మ్యూజిక్‌లో టిక్కు టిక్కుమని వినపడేది మోర్స్ కోడ్‌లో ఆయన పేరే. డెక్స్‌టర్ తాతగారు కూడా ఏదో ఒక సీన్లో వెనక కూర్చుని కనపడతాడు, ఆయన్ని పట్టుకోవడం ఇంకో ఆట.

పుస్తకంలో మోర్స్ నడిపేది లాన్చియా కారు అని తెలిసి నా గుండె పగిలింది.

అడ్డంనిలువు (ఆదివారం, ఉదయం 6:40)

కారు గురించి బాబు చెప్పింది నిజమే, కానీ సగమే. మొదటి నవలల్లో లాన్చియా. సీరియల్‌లో జాగ్వార్ హిట్టయ్యాక, తర్వాతి ముద్రణల్లో పాత నవలల్లో కూడా దాన్ని జాగ్వార్‌గా మార్చేశారు. కాబట్టి పిచ్చిగారూ, మీ కట్టలో ఏ కారుందో చూస్తే అది ఏ కాలపు ముద్రణో తెలుస్తుంది. లూయిస్‌దీ అదే కథ. పుస్తకంలో ఆయన వేల్స్ మనిషి, ఒకప్పుడు బాక్సింగ్ చేసినవాడు, వయసులో మోర్స్ కన్నా చిన్నవాడేం కాదు. తెర మీదికొచ్చేసరికి న్యూకాసిల్ యాసలో మాట్లాడే కుర్రాడయ్యాడు. రచయిత కూడా తర్వాత్తర్వాత ఆ కుర్రాడి వైపే జరిగిపోయాడు.

ఇక అసలు ప్రశ్న. మోర్స్ తప్పులు మీకు డిటెక్టివ్ తప్పుల్లా కనపడుతున్నాయి. గళ్లనుడికట్టు పూరించేవాడి తప్పులనుకుని మళ్లీ చదవండి. డెక్స్‌టర్ ఆ పోటీల్లో ఆరితేరినవాడు. మోర్స్ అన్న పేరు కూడా తన తోటి పోటీదారు సర్ జెరెమీ మోర్స్‌ది. ఆయన ఒకప్పుడు లాయిడ్స్ బ్యాంకు ఛైర్మన్. లూయిస్ పేరూ అదే గూటి నుంచి వచ్చింది.

ఇప్పుడు ఒక ఆధారం ఇస్తాను. "తీగను చూసి తల తిరిగింది (2)". రెండక్షరాల మాట. పూరించండి చూద్దాం.

జాగ్వార్‌బాబు (ఉదయం 9:30)

ద్రాక్ష?

పాతపుస్తకాలపిచ్చి (ఉదయం 9:41)

మల్లె?

అడ్డంనిలువు (ఉదయం 10:02)

లత. తలని వెనక్కి తిప్పితే లత, లత అంటే తీగ. చూశారా, ఇద్దరూ తీగ దగ్గరే ఆగిపోయి తోటంతా తిరిగారు. ఆధారం మాత్రం "తల తిరిగింది" అని మొహం మీదే చెప్పింది.

ఇప్పుడు ఒకటి అడ్డంలో "మల్లె" అని రాసేశారనుకోండి. నిలువులన్నీ చెడతాయి. మూడో నిలువు కుదరదు, ఐదోది కుదరదు. అప్పుడు గానీ మల్లె మీద అనుమానం రాదు. అనుభవమున్నవాడు ఎక్కడో ఒకచోట ధైర్యంగా రాస్తాడు, చెడ్డాక చెరుపుతాడు. ఏమీ రాయకుండా గళ్ల వంక చూస్తూ కూర్చున్నవాడికి ఏదీ తేలదు. మోర్స్ చేసేదంతా ఇదే. ఆ పిల్ల చచ్చిపోయిందనుకోవడం ఆయనకి ఒకటి అడ్డం.

పాతపుస్తకాలపిచ్చి (ఉదయం 10:15)

మేష్టారూ, ఇది బాగుంది. ఒప్పుకోను గానీ బాగుంది.

కిడ్లింగ్టన్‌కోడలు (మధ్యాహ్నం 2:50)

అందరికీ నమస్కారం. నా పేరు చూస్తే తెలుస్తుంది కదా, మోర్స్ పనిచేసే థేమ్స్ వ్యాలీ పోలీసు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరే మాది. రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్తాను. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు, మన కలెక్టరేటులా ఉంటుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో లైబ్రరీలో మొదట తీసుకున్నది లాస్ట్ బస్. ఆ వుడ్‌స్టాక్ ఆక్స్‌ఫర్డ్‌కి 8 మైళ్లు. బస్సు రాకపోతే చీకట్లో రోడ్డు పక్క నిలబడి లిఫ్ట్ అడిగిన అమ్మాయితో కథ మొదలవుతుంది కదా. నవంబరులో నాలుగింటికే చీకటి పడి, బస్టాపులో నేనొక్కదాన్నే నిలబడ్డప్పుడు ఆ మొదటి అధ్యాయం తప్ప ఇంకేం గుర్తుకొస్తుంది చెప్పండి!

ఊరి గురించి ఒక మాట. డెక్స్‌టర్ ఆక్స్‌ఫర్డ్ నిజమైనదే, కాకపోతే సగమే. ఉత్తరాన పెద్ద ఇళ్లు, కాలేజీలు, జెరికోలో కాలవ పక్క ఇరుకు సందులు, రాండాల్ఫ్ హోటలు, అన్నీ ఉంటాయి. రాండాల్ఫ్‌లో మోర్స్ పేరుతో బారే ఉంది. తూర్పున కౌలీలో కార్ల ఫ్యాక్టరీ ఉంది, అది మాత్రం నవలల్లో దూరంగా వినపడే చప్పుడే. మనవాళ్లు కందిపప్పు, కరివేపాకు కొనుక్కునే కౌలీ రోడ్డుకి మోర్స్ ఎందుకొస్తాడు? ఆయన హత్యలన్నీ ప్రొఫెసర్ల ఇళ్ల చుట్టూనే.

ఇంకోటి, నవ్వకండి. మోర్స్ మొదటి పేరు రచయిత 1996 దాకా బయటపెట్టలేదు. అడిగితే "మోర్స్" అంటాడంతే. ఇక్కడ నా బ్యాంకు కార్డు మీద ఇంటిపేరే ముందుంటుంది, అందరూ దాంతోనే పిలుస్తారు. మోర్స్ బాధ నాకు తెలుసు.

జాగ్వార్‌బాబు (మధ్యాహ్నం 3:10)

అక్కా, ఆ పేరు ఎండెవర్ కదా, అంటే గట్టి ప్రయత్నం! దాని మీదే 2012 నుంచి 2023 దాకా కుర్ర మోర్స్ సీరియల్ వచ్చింది. వాళ్ల నాన్నకి నావికుడు కెప్టెన్ కుక్ అంటే పిచ్చి, ఆయన ఓడ పేరు పెట్టేశాడు. అమ్మది క్వేకర్లనే క్రైస్తవ శాఖ, వాళ్లలో సుగుణాల పేర్లు పెట్టుకునే ఆనవాయితీ ఉంది, అలా రెండువైపులా కుదిరిపోయింది.

మాటకిమాట (సాయంత్రం 5:35)

అందరూ బీరు, కారు, గళ్లు అంటున్నారు. ఒక్క మనిషి కూడా అసలు సంగతి ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను.

ఈ నవలల్లో ఆడమనిషి గదిలోకి వస్తే ముందు వచ్చేవి ఆమె కాళ్లు. సాక్షి అయినా, నర్సు అయినా, హతురాలి తల్లి అయినా సరే. తర్వాత ఆవిడకి మోర్స్ మీద మనసవుతుంది. ఎందుకవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బట్టతల పడుతున్న మనిషి, తన బీరుకి కింది ఉద్యోగితో డబ్బులు కట్టిస్తాడు, శవాన్ని చూస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి నవలలో చనిపోయిన అమ్మాయి గురించి పోలీసులు మాట్లాడుకునే పద్ధతి చదివి పుస్తకం మూసేశాను. "అది 1975 అండీ" అంటారు. 1975లో ఆడవాళ్లు కూడా చదివారు కదండీ ఆ పుస్తకం.

అలాగని మొత్తం పారెయ్యలేదు. ద డాటర్స్ ఆఫ్ కెయిన్ (1994) మీరు కొన్న కట్టలో ఉంటే ముందు అది తియ్యండి. అందులో ముగ్గురు ఆడవాళ్లుంటారు. ఒకావిడ ఇళ్లలో పనిచేసేది, మొగుడి చేతిలో దెబ్బలు తినేది. ఒకావిడ టీచరు. ఇంకో అమ్మాయి వేరే దారిలో వెళ్లింది. అక్కడి పిట్ రివర్స్ మ్యూజియంలో అద్దాల పెట్టెలోంచి ఒక కత్తి పోతుంది. ఇరవై ఏళ్లు రాశాక డెక్స్‌టర్‌కి ఆడవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు కూడా మాట్లాడుకుంటారని తెలిసింది. మోర్స్ కన్నా వాళ్లే తెలివైనవాళ్లు అనిపించిన నవల నాకు అదొక్కటే.

అడ్డంనిలువు (సాయంత్రం 6:20)

అమ్మా, మీరన్నది కాదనలేను. నేను నలభై ఏళ్ల కింద చదివినప్పుడు ఆ కాళ్లు నాకు కనపడలేదు. కనపడలేదంటే అప్పటి నా చూపు కూడా అదేనన్నమాట. ఈమధ్య మళ్లీ చదివితే ఒకటి రెండు చోట్ల ఇబ్బంది పడి పేజీ తిప్పేశాను.

మాటకిమాట (సాయంత్రం 6:31)

మేష్టారూ, ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే నేను పోట్లాడేదెవరితో!

మాజీసీఐ (రాత్రి 8:15)

నమస్తే. ముప్పై ఒక్క ఏండ్లు డిపార్ట్‌మెంట్‌ల చేసి సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గ దిగిపోయిన. మాది కరీంనగర్ దిక్కు. మా బిడ్డ ఇచ్చిన ట్యాబ్‌ల ఈ నవలలు నాలుగు చదివిన. పోలీసోని లెక్క ఒకటి చెప్త.

మొదటి నవలల నేరం నాదే అంటె నాదే అని ఒకరికిద్దరు ముందటికొస్తరు. మన దగ్గరైతే ఆ ముచ్చట అక్కడ్నే ఆగుతది. పోలీసోని ముందట ఒప్పుకున్నది కోర్టుల చెల్లదు. 1872 ఎవిడెన్స్ చట్టంల 25వ సెక్షన్, ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంల 23. బ్రిటిషోడే మనకు ఆ చట్టం చేసిండు, మన పోలీసుల మీద నమ్మకం లేక. వాని దేశంల మాత్రం పోలీసు ముందట ఒప్పుకున్నది చెల్లుతది. గందుకే ఇంగ్లీషు నవలల ఆఖరికి ఒక గదిల కూసొని ఒప్పించుడు అంత పెద్ద సీను అయితది. మన దగ్గర గా సీను రాస్తె లాయర్లు నవ్వుతరు.

ఇంకోటి. వాళ్లకు 1984ల పోలీసు అధికారాల చట్టం వచ్చింది, 86 నుంచి అమలు. ఆ తర్వాత విచారణ టేపు మీద రికార్డు చేసుడు, వకీలును పిలిపించుడు, అన్నీ లెక్క ప్రకారం. మొదటి ఆరు నవలలు అంతకు ముందటియే. అందుకే మోర్స్ ఎవరింట్లకంటె వాళ్లింట్లకు జొరబడి, విస్కీ తాగుకుంట ప్రశ్నలడుగుతడు. కేసు డైరీ ఊసే లేదు. రాసుకునేదంత పాపం ఆ లూయిసే.

అడ్డంనిలువు సారు చెప్పిన గళ్ల ముచ్చట నాకు నచ్చింది గని ఒక తేడా ఉన్నది. మీరు గళ్లల్ల పెన్సిల్‌తోటి రాస్తరు. మేము రాసేది పెన్నుతోటి.

నేను ఎస్సైగ ఉన్నప్పుడు ఒక పెద్ద మనిషి ఇంట్ల బంగారం పోయింది. పనిచేసే పిలగాడు ఆ పొద్దు నుంచి కనపడ్తలేడు. ఇంకేం కావాలె? నాకు మొదటి రోజే తేలిపోయింది. పది రోజులు వాని వెంటనే తిరిగిన, వాళ్లమ్మను స్టేషన్‌ల కూసోబెట్టిన. ఆఖరికి బంగారం ఆ ఇంటాయన తమ్ముడు కుదువ పెట్టిండని తెలిసింది. పిలగాడు జ్వరమొచ్చి మేనమామ ఊర్ల ఉన్నడు. వానికి మళ్లీ ఆ వాడల ఎవ్వరు పని ఇయ్యలే. చేసిండో లేదో ఎవనికి కావాలె, పోలీసులు వెతికిన్రు గదా అన్నరు.

మోర్స్ సిద్ధాంతం కూలినప్పుడల్ల నేను పేజీ ఆపి ఒకటి ఆలోచిస్త. ఇప్పటిదాంక అనుమానించిన ఆ మనిషి రేపు పొద్దున పక్కింటోళ్లకు మొకం ఎట్ల చూపిస్తడు? రచయిత అది రాయడు.

పాతపుస్తకాలపిచ్చి (రాత్రి 8:40)

సీఐ గారూ, నేను విసుగ్గా అన్నమాటని మీరు ఎక్కడికో తీసుకెళ్లారు.

అచ్చుతప్పు (రాత్రి 9:02)

రచయిత రాయడు, నిజమే. లూయిస్ మాత్రం అప్పుడప్పుడు రాస్తాడండీ. అంటే వాళ్ల మొహం చూసేది ఆయనే. మోర్స్ కొత్త ఊహ రాగానే పాత మనిషిని మర్చిపోతాడు. వెళ్లి తలుపు కొట్టి "ఇక మీ జోలికి రాం" అని చెప్పే పని లూయిస్‌ది. గుడ్డూ, బంగాళదుంప వేపుడూ తిని, టైముకి ఇంటికెళ్లే మామూలు మనిషి. ఈ నవలల్లో నాకు మెదడు మోర్స్‌ది, మర్యాద లూయిస్‌ది.

జాగ్వార్‌బాబు (రాత్రి 9:20)

లూయిస్‌కి కూడా సొంత సీరియల్ వచ్చింది తెలుసా, 2006 నుంచి 2015. అదీ 33 ఎపిసోడ్లే. గురువుగారి లెక్క దాటలేదు!

గోదారిగట్టు (సోమవారం, ఉదయం 7:55)

రీబస్ నవలలు ఎవరూ చదవలేదా? ఇయాన్ రాంకిన్, ఎడిన్‌బరో. నాకు మోర్స్ కన్నా అవే ఇష్టం. ఆయన ఏళ్లతోపాటు ముసలివాడవుతాడు, రిటైర్ కూడా అవుతాడు. పైగా రీబస్ అన్నా పొడుపుకథే, బొమ్మలతో వేసే పజిల్.

మోడరేటర్ (ఉదయం 9:00)

రీబస్‌కి వేరే చర్చ తెరవండి గోదారిగట్టు గారూ, మేమంతా వస్తాం. ఇక్కడ మోర్స్ వరకే. మరో మనవి: ముగింపులు రాసేవాళ్లు ముందు హెచ్చరిక పెట్టండి. సీఐ గారూ, మీ "ఒకరికిద్దరు" మాట సరిహద్దు మీద ఉంది, వదిలేస్తున్నాను.

మాజీసీఐ (ఉదయం 9:12)

రిటైరైనంక కూడా మెమోలు తప్పలే.

అడ్డంనిలువు (ఉదయం 11:30)

పిచ్చిగారు మూడో నవల, నికొలస్ క్విన్, చదివానన్నారు గానీ దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు అన్నిటికన్నా దగ్గరిది అదే.

డెక్స్‌టర్ లాటిను, గ్రీకు చెప్పే పంతులు. చెవుడు ముదిరి 1966లో బడి మానేశాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షలు నిర్వహించే కార్యాలయంలో చేరి 1988 దాకా అక్కడే పనిచేశాడు. నవలలో క్విన్ చెవిటివాడు, పనిచేసేది పరీక్షల సంస్థలో. పెదవుల కదలిక చూసి మాటలు పట్టగలడు. అలా పట్టిన మాటే ఆయన ప్రాణం మీదికి తెస్తుంది. ఇంతకన్నా చెప్పను, మోడరేటర్ గారు చూస్తున్నారు.

నేనూ పంతులునే. నాకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది మిషనుతో నడుస్తోంది. ఆ నవల చదివాక అద్దం ముందు కూర్చుని ఒక పని చేశాను. గొంతు లేకుండా "పాట" అన్నాను. తర్వాత "బాట". తర్వాత "మాట". మీరూ అని చూడండి. పెదవులకి మూడూ ఒకటే. మా ఆవిడ వంటింట్లోంచి ఏదో అడిగితే పాటో మాటో తెలియక ఊరికే తలూపిన రోజులు ఎన్నో. చెవుడు మీద జాలి పడుతూ రాసినవి చాలా చదివాను. దాన్ని కిటుకుగా మార్చి కథ నడిపినవాడు ఈయనే. చెవిటివాడికి మాత్రమే తెలిసే కిటుకు అది.

పాతపుస్తకాలపిచ్చి (ఉదయం 11:52)

అద్దం ముందు అని చూశాను మేష్టారూ. మా అమ్మాయి "నాన్నకేమైంది" అని అడిగింది. మూడూ ఒకటే. ఆ నవల మళ్లీ చదవాలి, నేను దాన్ని ఆఫీసు రాజకీయాల కథనుకుని చకచకా తిప్పేశాను.

కిడ్లింగ్టన్‌కోడలు (మధ్యాహ్నం 1:15)

మా అత్తగారికి వినికిడి తగ్గింది, ఇక్కడికొస్తే వీడియో కాల్లో బంధువులతో మాట్లాడ్డానికి నానా తంటాలు. పాట-బాట-మాట ఆవిడకి చెప్తాను.

తెలుగులో వస్తే బాగుండు అనుకుంటాను గానీ, ఈ నవలలు అనువదించడం ఎవరి తరం? ప్రతి అధ్యాయానికీ నెత్తి మీద ఒక సూక్తి, వాటిలో కొన్ని డెక్స్‌టర్ సొంతంగా అల్లి వేరేవాళ్ల పేరు మీద పెట్టినవి. గళ్ల ఆధారాలు, ఇంగ్లీషు కవి హౌస్‌మన్ కవిత్వం, కామా ఎక్కడ పెట్టాలన్న గొడవ. మన భాషలోకి తెస్తే సగం రాలిపోతుంది.

అడ్డంనిలువు (మధ్యాహ్నం 1:40)

అనువదించకూడదమ్మా, మళ్లీ కూర్చాలి. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లే పదబంధ ప్రహేళికలు, గళ్లనుడికట్లు కూర్చిన భాష మనది. చేవ లేక కాదు. "అడవిలో వెనక్కి నడిస్తే కొత్త (2)": వన వెనక్కి నడిస్తే నవ. ద వే త్రూ ద వుడ్స్ (1992) తెలుగులో వస్తే మొదటి పేజీకి ఇది నేను ఉచితంగా ఇస్తాను. అడవిలో తప్పిపోయిన స్వీడన్ అమ్మాయి, పత్రికలో అచ్చయిన ఒక పద్యం, అందులో శవం ఎక్కడుందో గుర్తులు. డెక్స్‌టర్‌కి రెండోసారి గోల్డ్ డాగర్, అంటే బ్రిటన్‌లో నేర నవలలకిచ్చే పెద్ద బహుమతి, తెచ్చిన నవల అది.

మాటకిమాట (మధ్యాహ్నం 2:05)

మొదటి గోల్డ్ డాగర్ ద వెంచ్ ఈజ్ డెడ్‌కి (1989). పిచ్చిగారూ, మీ కట్టలో ఉందా? సీఐ గారి ప్రశ్నకి ఈ వరసలో ఎక్కడన్నా జవాబుంటే అందులోనే.

పాతపుస్తకాలపిచ్చి (మధ్యాహ్నం 2:20)

ఉంది! చిన్న పుస్తకం. అట్ట చిరిగింది.

జాగ్వార్‌బాబు (మధ్యాహ్నం 2:33)

ఓ అదా, అందులో ఆఖర్న ఏంటంటే [ముగింపు ఉన్నందున మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్ (మధ్యాహ్నం 2:34)

బాబూ. నిమిషంలో పట్టుకున్నాను.

మాటకిమాట (మధ్యాహ్నం 2:50)

నేను కథ మొదలు వరకే చెప్తాను. మోర్స్ కడుపులో పుండు పగిలి ఆస్పత్రిలో పడతాడు. చదవడానికి ఎవరో ఒక చిన్న పుస్తకం ఇస్తారు. 1859లో ఆక్స్‌ఫర్డ్ కాలవలో ఒక పడవ ప్రయాణికురాలు చనిపోయింది, పడవవాళ్ల మీద కేసు, ఇద్దరికి ఉరి. మంచం మీద పడుకునే ఆ తీర్పు మీద ఆయనకి అనుమానం వస్తుంది. నర్సుల కాళ్లు ఇందులోనూ ఉన్నాయి, ముందే చెప్తున్నాను.

దీనికి వెనక నిజంగా జరిగిన కేసు ఉంది. 1839లో క్రిస్టినా కాలిన్స్ అనే ఆవిడ లివర్‌పూల్ నుంచి లండన్‌లో ఉన్న భర్త దగ్గరికి సరుకు పడవలో బయల్దేరింది. పడవవాళ్లు తాగి అల్లరి పెడుతున్నారని దారిలో కాలవ కంపెనీవాళ్లకి చెప్పుకుంది కూడా. ఎవరూ పట్టించుకోలేదు. స్టాఫర్డ్‌షైర్‌లో రూజ్లీ దగ్గర ఆమె శవం కాలవలో తేలింది. ఇద్దరిని ఉరి తీశారు, ఒకడికి ద్వీపాంతరం. ఆమెని మోసుకెళ్లిన మెట్లకి అక్కడ ఇప్పటికీ రక్తపు మెట్లనే పేరుంది. నాకు నవల కన్నా ఆవిడ వెళ్లి ఫిర్యాదు చేసిన ఆ ఘట్టమే ఎక్కువ గుర్తు.

కిడ్లింగ్టన్‌కోడలు (రాత్రి 9:45)

ఇంత రాశాక నిద్ర పట్టేటట్టు లేదండీ. కాలవ పక్కనే నడక నాది.

పాతపుస్తకాలపిచ్చి (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 11:18)

ద వెంచ్ ఈజ్ డెడ్ అయిపోయింది. నిన్న రాత్రి మొదలుపెట్టి ఆఫీసులో భోజనాల వేళ ముగించాను. ముగింపు చెప్పను. బాబూ, నువ్వూ చెప్పకు.

నేను మొదట్లో చేసిన ఫిర్యాదు ఈ నవల దగ్గర చెల్లలేదు. ఇందులో మోర్స్ తప్పు చెప్పినా ఎవరికీ నష్టం లేదు, అందరూ పోయి నూట ముప్పై ఏళ్లయింది. సాక్షుల్లేరు, అనుమానితుల్లేరు, బెదిరించడానికి ఎవరూ లేరు. అందుకేనేమో మనిషి తీరిగ్గా, బుద్ధిగా ఆలోచిస్తాడు. మొదటిసారి ఆయన మీద కోపం రాలేదు. కానీ ఒప్పు చెప్పినా ఎవరికీ లాభం లేదు కదా! ఆ ఇద్దరికి ఉరి అయిపోయింది. సీఐ గారు పెన్నుతో రాస్తామన్నారే, అప్పటి జడ్జీ రాసిన గళ్లు ఇవి. మంచం మీద పడుకుని వాటిని దిద్దుతున్నాడు ఈయన.

పుస్తకం మూశాక ఆ పనిపిలగాడు గుర్తొచ్చాడు. సీఐ గారూ, తర్వాత అతనేమయ్యాడో మీకు తెలుసా? చెప్పాలని లేకపోతే వదిలెయ్యండి.

మాజీసీఐ (మర్నాడు, ఉదయం 6:05)

తెలుసు. పట్నం పోయి ఆటో నడిపిండు. ఇరవై ఏండ్లకు ఒక పెండ్లిల కనపడ్డడు. నన్ను గుర్తుపట్టి సార్ అన్నడు, కుర్చీ ఏసిండు. నేను చెప్పాలనుకున్నది చెప్పలే. గా కుర్చీల కూసున్న అంతే.

ఆ పుస్తకం బిడ్డతోటి తెప్పించుకుంటున్న.

పాతపుస్తకాలపిచ్చి (ఉదయం 6:30)

థాంక్సండీ, చెప్పినందుకు.

అడ్డంనిలువు (ఉదయం 6:52)

సీఐ గారూ, పుస్తకం వచ్చేలోపు ఒకటి పూరించండి. "మరణంలో దాగిన యుద్ధం (2)".

జాగ్వార్‌బాబు (ఉదయం 8:40)

పోరు? కాదు కదా, మళ్లీ తోటంతా తిరుగుతున్నా.

మాజీసీఐ (ఉదయం 9:15)

రణం. మరణంల "మ" తీసేస్తె రణం. సరేనా మేష్టారూ?

అడ్డంనిలువు (ఉదయం 9:17)

సరే. పెన్సిల్‌తోనే రాశారు కదా?